ఇంట్లోనే అయిదు నిమిషాల వినికిడి పరీక్ష: నాలుగు పద్ధతులు వాడి చూసిన తరువాత

మా టీవీలో శబ్దం ఎంత ఉన్నదీ తెర మీద అంకెగా కనిపిస్తుంది. మిగిలినవాళ్లు చూస్తున్నప్పుడు 14 దగ్గర ఉండే ఆ అంకె, నేను వచ్చి కూర్చున్న పది నిమిషాలకు 22కు చేరుతోందని మా అమ్మాయి చెప్పేవరకు నా చెవులను అనుమానించాలన్న ఆలోచనే నాకు రాలేదు. అప్పటిదాకా నా ఫిర్యాదు వేరు. ఈ మధ్య అందరూ మాటలను నమిలి మింగుతున్నారని, వార్తలు చదివేవాళ్లు సైతం పలకవలసినట్టు పలకడం లేదని నా అభిప్రాయం. వైద్యుడి దగ్గరకు వెళ్లే ముందు సంగతేమిటో ఇంట్లోనే తేల్చుకుందామని రెండు నెలల వ్యవధిలో నాలుగు రకాల పరీక్షలు చేసుకొని, ఆ తరువాత ఆడియాలజిస్ట్, అంటే వినికిడి నిపుణురాలి, దగ్గర చేయించుకున్న పరీక్షతో వాటిని పోల్చి చూశాను. ఇక్కడ రాస్తున్నది ఆ పోలికలో తేలిన విషయం.

పరీక్షల గురించి చెప్పే ముందు అవి దేన్ని పట్టుకోవాలో చెప్పాలి. వయసుతోనో, పెద్ద శబ్దాల మధ్య ఏళ్ల తరబడి పనిచేయడం వల్లనో వచ్చే వినికిడి లోపం సాధారణంగా హెచ్చు పౌనఃపున్యాల, అంటే సన్నని కీచు శబ్దాల, దగ్గర మొదలవుతుంది. మాటలో అచ్చుల బలం చాలావరకు తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. శ, ష, స వంటి ఊష్మాలను, పరుషాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి చూపే సన్నని శబ్దాలు మాత్రం ఎక్కువగా పై పౌనఃపున్యాలలో ఉంటాయి. అందువల్ల పాలు, కాలు, చాలు, తాలు అనే నాలుగు మాటలలో ‘ఆలు’ అన్న భాగం గట్టిగానే వినబడుతూ, మొదటి హల్లు మాత్రం జారిపోతుంది. ‘పాలు చాలా’ అని అడిగితే ‘కాలు చాపాలా’ అని తిరిగి అడిగే మనిషికి చెవుడు ఉందని ఎవరూ అనుకోరు, పరధ్యానం ఉందనుకుంటారు. ఆ మనిషి కూడా తనకు వినబడడం లేదని అనుకోడు, ఎందుకంటే ఎదుటివారి గొంతు అతనికి నిజంగానే వినబడుతోంది. కాబట్టి ఇంట్లో చేసుకునే ఏ పరీక్షనైనా నేను వేసిన ప్రశ్న ఒక్కటే: శబ్దం వినబడుతోందా లేదా అన్నది మాత్రమే చెబుతుందా, మాట తెలుస్తోందా లేదా అన్నది కూడా చెబుతుందా?

మొదట చేసుకున్నది వెబ్‌లో ఉచితంగా దొరికే శ్రుతి పరీక్ష. ‘బీప్’ అనే శబ్దాన్ని ఒక్కో పౌనఃపున్యం వద్ద క్రమంగా తగ్గిస్తూ, పెంచుతూ, ఎక్కడ వినబడడం మొదలవుతుందో అక్కడ గుర్తు పెట్టి, ఆ గుర్తులన్నీ కలిపి ఒక గీత గీసి చూపుతుంది, అదే ఆడియోగ్రామ్. అందులో ఎడమ కొసన తక్కువ పౌనఃపున్యాలు, కుడి కొసన హెచ్చువి; గీత కిందికి దిగిన చోట వినికిడి తక్కువ. వైద్యశాలలో చేసే పరీక్షకు కూడా మూలసూత్రం ఇదే. అక్కడ సాధారణంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు చూస్తారు. వినబడిన ప్రతిసారీ 10 డెసిబెల్లు తగ్గించి, వినబడనప్పుడు 5 డెసిబెల్ల చొప్పున పెంచుతూ అంచును వెతుకుతారు. ఆ కొలమానంలో సున్నా అంటే నిశ్శబ్దం అని అర్థం కాదు, చెవి ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులు సగటున వినగలిగిన అతి చిన్న శబ్దం అని అర్థం. అందువల్ల కొందరికి సున్నా కంటే తక్కువ అంకె రావడంలో వింత లేదు.

చిక్కు ఆ సున్నా దగ్గరే ఉంది. వైద్యశాలలోని యంత్రానికి, దాని హెడ్‌ఫోన్‌కు ఎంత విద్యుత్తు పంపితే ఎంత శబ్దం వస్తుందో ముందుగా కొలిచి సరిచేసి ఉంటారు. నా ల్యాప్‌టాప్‌కు, నా ఇయర్‌ఫోన్‌కు మధ్య ఆ ఒప్పందం ఏదీ లేదు. నేను వాడిన వెబ్ పరీక్ష ఈ లోపాన్ని ఒక ముచ్చటైన ఉపాయంతో పూరించడానికి ప్రయత్నిస్తుంది: ముఖానికి ఎదురుగా రెండు అరచేతులను గబగబా రుద్దమని చెప్పి, ఇయర్‌ఫోన్‌లో వినిపించే అరచేతుల రాపిడి శబ్దం కూడా అంతే బిగ్గరగా ఉండేట్టు వాల్యూమ్ సరిచేసుకోమంటుంది. ఏ పరికరమూ లేని చోట మనిషి చేతులనే కొలబద్దగా తీసుకోవడం తెలివైన పనే. కాని చేతులు పొడిగా ఉన్నప్పుడు ఒక శబ్దం, తడిగా ఉన్నప్పుడు మరొక శబ్దం వస్తాయి. పైగా వినికిడి తగ్గినవాడు చేతుల రాపిడిని కూడా తగ్గిన చెవితోనే వింటాడు కదా.

మూడు రకాల ఇయర్‌ఫోన్‌లతో మూడు గీతలు వచ్చాయి. చెవి రంధ్రంలో బిగుసుకునే రకంతో ఒకటి, చెవి బయట ఆనుకొని ఉండే రకంతో ఒకటి, చెవినంతటినీ కప్పే హెడ్‌ఫోన్‌తో ఇంకొకటి. వాటిలో రెండో రకంతో నాకు 250 హెర్ట్జ్ దగ్గర చెప్పుకోదగినంత లోపం ఉన్నట్టు వచ్చింది; ఫ్యాన్ ఆపి మళ్లీ చేస్తే ఆ లోపం మాయమైపోయింది. ఫ్యాను, వీధి, ఫ్రిజ్ వంటి వాటి హోరు ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలోనే ఉంటుంది కాబట్టి, గది నిశ్శబ్దంగా లేనప్పుడు గీత ఎడమ కొసన పడిపోయినట్టు కనిపిస్తుంది. అది చెవి లోపం కాదు, గది లోపం. రొదను అణచివేసే సౌకర్యం ఉన్న బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లు దీనికి పరిష్కారమని అనిపించవచ్చుగాని, వాటిలో చాలావరకు లోపలికి వచ్చిన శబ్దాన్ని తమ ఇష్టప్రకారం మార్చి వినిపిస్తాయి కాబట్టి కొలతకు అవి ఇంకొక తెలియని సంఖ్యను చేరుస్తాయి.

అయినా ఈ పరీక్షను పూర్తిగా కొట్టివేయలేను, ఎందుకంటే అంకెలు తప్పయినా పోలిక నిజం కావచ్చు. మూడు గీతలలోనూ ఒక అంశం మారలేదు: 4000 హెర్ట్జ్ దగ్గర ఎడమ చెవి గీత కుడి చెవి గీత కంటే కిందికి దిగి ఉంది. ఎడమ వైపు స్పీకరే బలహీనంగా ఉందేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి హెడ్‌ఫోన్‌ను తిరగవేసి, ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి పెట్టుకొని మళ్లీ చేశాను. లోపం హెడ్‌ఫోన్‌దైతే అది రెండో చెవికి మారాలి, చెవిదైతే చెవితోనే ఉండాలి. అది చెవితోనే ఉంది. శ్రుతి పరీక్షలు చేసుకునే ప్రతివారూ ఈ తిరగవేత చేయాలని నేను గట్టిగా చెబుతాను. అర నిమిషం పని, ఆ అనుమానాలన్నీ తీరిపోతాయి.

20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు శబ్దాన్ని పాకిస్తూ ‘మీ చెవుల వయసు ఎంత’ అని అడిగే వీడియోలను కూడా చూశాను. వాటిని పరీక్షలని పిలవడం అనవసరం. పై కొసన వినబడకపోవడానికి ఫోన్ స్పీకర్ చాలకపోవడం, వీడియో కుదింపులో పై పౌనఃపున్యాలు కత్తిరింపుకు గురికావడం వంటి కారణాలు చెవితో సంబంధం లేకుండానే ఉండవచ్చు. పైగా 15,000 హెర్ట్జ్ వినబడినంత మాత్రాన మాట తెలుస్తుందని కాదు, వినబడనంత మాత్రాన మాట తెలియదని కాదు.

రెండో పద్ధతి రొదలో అంకెల పరీక్ష. నాలుగింటిలోనూ నన్ను బాగా మెప్పించినది ఇదే కాబట్టి దీని గురించి కొంత విస్తరించి చెబుతాను. వెనుక వర్షపు హోరు వంటి రొద వినిపిస్తుండగా ఒక గొంతు మూడు అంకెలు చదువుతుంది. విన్నవాటిని మీటల మీద నొక్కాలి. మూడూ సరిగ్గా నొక్కితే తరువాతి మూడు మరికొంత కష్టమవుతాయి, తప్పితే సులువవుతాయి. ఇలా పైకీ కిందికీ కదులుతూ, దాదాపు సగం సార్లు సరిగ్గా, సగం సార్లు తప్పుగా చెప్పే స్థానం దగ్గర పరీక్ష స్థిరపడుతుంది. రొద కంటే మాట ఎంత తక్కువ స్థాయిలో ఉన్నా మీకు తెలుస్తోందన్నదే ఫలితం. నెదర్లాండ్స్‌లో 2003 ప్రాంతంలో దీన్ని దేశమంతటికీ మామూలు టెలిఫోన్ ద్వారా అందుబాటులోకి తెచ్చారు. అప్పటి టెలిఫోన్ తీగలో 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు మాత్రమే ప్రయాణించేది, ఒక్కో ఇంట్లో ఒక్కో రకం ఫోను. అయినా పరీక్ష పనిచేసింది.

ఎందుకు పనిచేసిందన్న దాంట్లోనే దాని అందమంతా ఉంది. ఇది శబ్దం ఎంత చిన్నదో కొలవదు, మాటకూ రొదకూ మధ్య ఉన్న తేడాను కొలుస్తుంది. మీరు వాల్యూమ్ పెంచితే మాటా పెరుగుతుంది, రొదా పెరుగుతుంది, తేడా మాత్రం చెక్కుచెదరదు. శ్రుతి పరీక్షను కుప్పకూల్చిన సమస్య, అంటే నా ఇయర్‌ఫోన్ ఎంత శబ్దం చేస్తోందో నాకు తెలియకపోవడం, ఇక్కడ దాదాపుగా సమస్యే కాదు. వింటున్నది మాట కాబట్టి, మనిషి బాధపడుతున్న చోటునే తాకుతుంది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మార్చి 3న, ప్రపంచ వినికిడి దినం సందర్భంగా, ‘హియర్‌హూ’ అనే ఉచిత యాప్‌ను విడుదల చేసింది. అది ఈ పద్ధతి మీదనే నడుస్తుంది. వందలో ఇన్ని అని ఒక అంకె ఇస్తుంది, పాత ఫలితాలను దాచి ఉంచుతుంది, అయిదు నిమిషాలు కూడా పట్టదు.

దీనికి ఉన్న పరిమితులు తెలిసి వాడాలి. రెండు చెవులకూ ఒకే శబ్దం ఒకేసారి వెళ్లే రకం పరీక్షలో బాగున్న చెవి పనంతా చేసిపెట్టి, బాగోలేని చెవి సంగతి బయటపడనీయకపోవచ్చు. ఒక చెవి మూసుకొని ఒక్కొక్క చెవితో విడిగా చేసి చూసుకోవడం మంచిది. గుబిలి అడ్డుపడడం వల్లనో, కర్ణభేరి వెనుక నీరు చేరడం వల్లనో శబ్దం లోపలికి తక్కువగా వెళ్తున్నవారు వాల్యూమ్ పెంచుకొని హాయిగా ఉత్తీర్ణులు కావచ్చు, ఎందుకంటే వారి లోపలి చెవి బాగానే ఉంది, బయటి దారి మాత్రమే మూసుకుపోయింది. వాల్యూమ్ లెక్కలోకి రాకపోవడమనే గుణమే ఇక్కడ దోషంగా మారుతుంది. మొదటి ప్రయత్నంలో కంటే రెండో ప్రయత్నంలో మంచి మార్కులు వస్తాయి, చెవి బాగుపడినందుకు కాదు, ఆట అర్థమైనందుకు. నాకు రెండోసారి కొన్ని మార్కులు ఎక్కువ రావడంతో మొదటిదాన్ని లెక్కలోంచి తీసివేశాను.

భాష సంగతి కూడా ఉంది. అంకెలు వచ్చినంత మాత్రాన పరాయి భాషలో వాటిని రొదలోంచి ఏరుకోవడం మాతృభాషలో ఏరుకున్నంత సులువు కాదు. ఇటువంటి పరీక్షను తెలుగులో తయారుచేయడం అంత తేలిక కాదని నాకు అంకెలు పైకి చదువుకుంటుంటే తోచింది: ఎనిమిది, తొమ్మిది అన్నవి పొడవును బట్టే తెలిసిపోతాయి, మూడు, ఏడు అన్నవి రెండూ ‘డు’తో ముగిసి ఒకదాన్నొకటి మరిపిస్తాయి, ఐదు, ఆరు రొదలో కలిసిపోతాయి. అన్ని అంకెలూ సమానంగా వినబడేట్టు ఒక్కోదాని స్థాయిని వేరువేరుగా సరిదిద్దితే తప్ప ఆ పరీక్ష చెవిని కాక అంకెల పొడవును కొలుస్తుంది.

మూడోది ఇయర్‌ఫోన్‌తో పాటు వచ్చే పరీక్ష. ఆపిల్ సంస్థ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 అనే తన ఇయర్‌ఫోన్ కోసం రూపొందించిన వినికిడి పరీక్ష 2024 అక్టోబరులో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.1తో వచ్చింది, దానికి ఒక నెల ముందు, సెప్టెంబరులో, అదే ఇయర్‌ఫోన్‌ను వినికిడి యంత్రంగా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఇది కూడా శ్రుతి పరీక్షే, కాని మొదటి పద్ధతిలో నేను చెప్పిన చిక్కు దీనికి లేదు. ఫోన్ ఏదో, ఇయర్‌ఫోన్ ఏదో తయారుచేసినవారికే తెలుసు కాబట్టి ఎంత శబ్దం చెవిలోకి వెళ్తోందో వారు లెక్క కట్టగలరు. మొదలుపెట్టే ముందు సిలికాన్ తొడుగు చెవిలో సరిగ్గా బిగుసుకుందో లేదో చూస్తుంది, గదిలో రొద ఎక్కువగా ఉంటే ఆగమంటుంది. ఒక బంధువు దగ్గర ఉన్న జతకు కొత్త తొడుగులు వేయించుకొని చేశాను. అయిదారు నిమిషాలలో రెండు చెవులకూ విడివిడిగా డెసిబెల్ అంకె, ఆడియోగ్రామ్ వచ్చాయి. 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే ఉద్దేశించినది, ఆ సంస్థ పరికరాలు తప్ప మరొకటి పనికిరావు, కొన్ని దేశాలలో ఈ సౌకర్యం లేదు. ఒక్క పరీక్ష కోసం కొనవలసినది కాదు. ఇదివరకే చేతిలో ఉన్నవారు వాడకుండా ఉండవలసినదీ కాదు.

ఈ పరీక్ష నాకు ఒక కొత్త తలనొప్పి కూడా తెచ్చిపెట్టింది. ఎడమ చెవికి 23 డెసిబెల్లు వచ్చింది, కింద ‘లోపం లేదు లేదా చాలా స్వల్పం’ అన్న అర్థంలో తీర్పు ఉంది. ఈ పరీక్ష 25 డెసిబెల్ల వరకు ఆ తరగతిలోనే వేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన ప్రపంచ వినికిడి నివేదికలోని తరగతుల ప్రకారం చూస్తే, 20 దాటితే స్వల్ప లోపం మొదలైనట్టు, 35 దాటితే మధ్యస్థ లోపం. అంటే అదే చెవి, అదే అంకె, ఒక పట్టికలో ఆరోగ్యంగా ఉంది, మరొక పట్టికలో లేదు. అంతకంటే ముఖ్యం, ఇటువంటి అంకె సగటు అని గుర్తుంచుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల సగటు మీద ఆధారపడుతుంది. మొదటి మూడు బాగుండి నాలుగోది ఎంత పడిపోయినా సగటు దాన్ని కప్పిపుచ్చగలదు. నిజానికి నా విషయంలో జరిగింది అదే. అందువల్ల ఒక్క అంకెను, దాని పక్కనున్న ఆకుపచ్చ రంగును చూసి యాప్‌ను మూసివేయకుండా, గీతను చూడాలి.

నాలుగో పద్ధతికి ఏ పరికరమూ అక్కరలేదు, ఇంకొక మనిషి చాలు. గుసగుస పరీక్ష అంటారు. పరీక్ష చేసేవారు చేయి చాచినంత దూరంలో, అంటే దాదాపు 60 సెంటీమీటర్ల దూరంలో, పెదవులు కనబడకుండా వెనుక నిలబడాలి. పరీక్షించని చెవి రంధ్రం ముందున్న చిన్న బొడిపెను వేలితో నొక్కి గుండ్రంగా రుద్దుతూ ఉండాలి. ఊపిరి పూర్తిగా వదిలిన తరువాత అంకెలూ అక్షరాలూ కలిపిన మూడింటిని, ‘అయిదు, క, మూడు’ వంటి వాటిని, గుసగుసగా చెప్పాలి. మూడూ చెప్పగలిగితే ఆ చెవి నెగ్గినట్టు. తప్పితే వేరే మూడింటితో ఇంకొకసారి చెప్పి, మొత్తం ఆరింటిలో మూడు సరిగ్గా వస్తే అప్పుడు కూడా నెగ్గినట్టే లెక్క. ఊపిరి వదిలిన తరువాత మాట్లాడమనడం ఊరికే పెట్టిన నియమం కాదు, గుసగుస బలం మనిషి మనిషికీ మరీ మారిపోకుండా ఉండడానికి అదే కాస్త హద్దు. గుసగుసలో కంఠనాళపు నాదం ఉండదు, మాటంతా శ్వాసే. కాబట్టి గొంతు బరువు మీద ఆధారపడి నెట్టుకొచ్చే నా వంటి చెవికి అక్కడ పట్టు దొరకదు.

మా అమ్మాయి చేసింది. కుడి చెవికి మొదటి మూడూ సరిగ్గా చెప్పాను. ఎడమ చెవికి ‘నాలుగు, స, రెండు’ అంటే ‘నాలుగు, హ, రెండు’ అన్నాను. “నాన్నా, అక్షరాలన్నీ తప్పుతున్నావు, అంకెలు మాత్రం చెబుతున్నావు” అంది. యాప్‌లు గీతలు గీసి చెప్పలేకపోయినదాన్ని ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పింది: అంకెలను నేను ఊహించగలను, ఒంటరి హల్లును ఊహించలేను. వైద్యంలో ఈ పరీక్షకు పేరుంది, విమర్శా ఉంది. చేసేవారు మారితే ఫలితం మారవచ్చు. కాని పెద్దవాళ్లున్న ఇంట్లో ముందుగా చేయవలసినదేదని అడిగితే నేను దీన్నే చెబుతాను.

ఇంకొక మనిషి ఉండడం వల్ల కలిగే మరొక మేలు కూడా ఉంది. స్వయంగా చేసుకునే పరీక్షలో పరీక్షకుడూ మనమే, విద్యార్థీ మనమే, ఉత్తీర్ణులు కావాలన్న కోరికా మనదే. బీప్ శబ్దాలు ఒక లయలో వస్తున్నప్పుడు వినబడకముందే వేలు మీట మీదకు వెళ్లడం నేను రెండుసార్లు గమనించుకున్నాను. మంచి పరీక్షలు శబ్దాల మధ్య వ్యవధిని అటూ ఇటూ మారుస్తాయి, అప్పుడప్పుడూ శబ్దమే లేకుండా ఖాళీగా వదులుతాయి. వెబ్‌లోని పరీక్షలలో కొన్నింటిలో ఆ జాగ్రత్త లేదు. పెద్దవారి కోసం 1980లలో తయారైన పది ప్రశ్నల జాబితా ఒకటి వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు: వినికిడి వల్ల కొత్తవారిని కలిసినప్పుడు ఇబ్బంది పడుతున్నారా, ఇంట్లోవారితో వాదనలు వస్తున్నాయా వంటి ప్రశ్నలకు అవును అంటే 4, అప్పుడప్పుడూ అంటే 2, లేదు అంటే 0, మొత్తం 40లో 8 దాటితే పరీక్ష చేయించుకోవాలి. నేను పూరిస్తే 6 వచ్చింది. నా గురించి నా భార్య పూరిస్తే 18 వచ్చింది. ఆ తేడా మీద మా ఇంట్లో జరిగిన చర్చ ఈ సమీక్షకు సంబంధించినది కాదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా పరీక్షకు ముందు పాటించవలసిన కొన్ని ఉన్నాయి. పెద్ద శబ్దం విన్న తరువాత చెవి కొన్ని గంటల పాటు మందగించి ఉంటుంది; కర్మాగారాలలో మొదటి వినికిడి పరీక్షకు ముందు 14 గంటలు పని రొదకు దూరంగా ఉండాలన్న నియమం అందుకే ఉంది. జలుబుగా ఉన్నప్పుడు, గుబిలి పేరుకుపోయినట్టు అనిపించినప్పుడు వచ్చిన ఫలితం ఆ రోజుకే చెల్లుతుంది. గుబిలిని పుల్లతో, దూదితో తీయబోతే లోపలికి తోసినట్టవుతుంది. తిరిగి పరీక్షించుకునేటప్పుడు అదే గది, అదే ఇయర్‌ఫోన్, అదే వాల్యూమ్ ఉండాలి; 5 డెసిబెల్ల తేడా వస్తే ఏమీ మారనట్టే, వైద్యశాలలో కూడా మళ్లీ చేస్తే అంత తేడా వస్తుంది. 10 దాటిన తేడా రెండుసార్లు వరసగా వస్తే పట్టించుకోవాలి.

ఇంట్లో అసలు పరీక్షించుకుంటూ కూర్చోకూడని సందర్భం ఒకటి ఉంది. ఒక చెవి ఉన్నట్టుండి, గంటలలోనో రెండు మూడు రోజులలోనో, మూసుకుపోయినట్టయితే అది లోపలి చెవి నరానికి వచ్చిన అత్యవసర పరిస్థితి కావచ్చు. మందులు మొదటి రోజులలో మొదలుపెడితేనే మంచి ఫలితం ఆశించవచ్చు. గుబిలేమోలే అనుకొని వారాలు గడిపేవారు ఎక్కువ. అటువంటప్పుడు వెళ్లే తొందరలోనే చేయదగిన చిన్న పని, నోరు మూసుకొని ‘మ్’ అని కూనిరాగం తీయడం: ఆ నాదం మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే అడ్డు బయటి దారిలో ఉండే అవకాశం ఎక్కువ, బాగున్న చెవి వైపు వినిపిస్తే లోపలి చెవిని అనుమానించి ఆ రోజే వైద్యుడిని చూడాలి. వేబర్ పేరుతో పిలిచే శ్రుతిదండపు (ట్యూనింగ్ ఫోర్క్) పరీక్షకు ఇది ఇంటి రూపం. ఏది వినిపించినా వైద్యుడి దగ్గరకు వెళ్లడం మానకూడదు. చెవి నుంచి చీము, తల తిరుగుడు, ఒక్క చెవిలోనే ఆగని మోత ఉన్నవారికి కూడా ఇదే మాట. పసిపిల్లలకు ఏ యాప్ పనికిరాదు. వాళ్లు నిద్రపోతుండగానే లోపలి చెవి స్పందనను కొలిచే పరీక్షలు వేరే ఉన్నాయి.

ఆడియాలజిస్ట్ గదిలో వచ్చిన అంకెలు చెప్పి ముగిస్తాను. ఎడమ చెవికి 500 దగ్గర 10, 1000 దగ్గర 15, 2000 దగ్గర 20, 4000 దగ్గర 45. సగటు 22.5. కుడి చెవి సగటు 16 చిల్లర. ఇయర్‌ఫోన్‌తో వచ్చిన పరీక్ష సగటును దాదాపు సరిగ్గా చెప్పింది, దాని అర్థాన్ని చెప్పలేకపోయింది. వెబ్ పరీక్ష అంకెలన్నీ తప్పు చెప్పి, ఎడమ చెవి, 4000 అన్న చోటు మాత్రం సరిగ్గా చూపింది. రొదలో అంకెల పరీక్ష ఫలితం, గుసగుస పరీక్షలో అక్షరాలు తప్పిన తీరు రెండూ వైద్యుడిని చూడవలసిన అవసరముందని తేల్చాయి. ఇంట్లో ఏ పరీక్షా చేయలేని పనులు ఆ ఆడియాలజిస్ట్ రెండు చేశారు: ఒక చెవిని పరీక్షిస్తున్నప్పుడు రెండో చెవిలో హోరు పోసి అది దొంగతనంగా వినకుండా ఆపారు, చెవి వెనుక ఎముక మీద చిన్న కంపన యంత్రం పెట్టి, లోపం బయటి దారిలో కాక లోపలి చెవిలోనే ఉందని చూపారు. ఏడాదికొకసారి రమ్మన్నారు. ఈ లోపల మూడు నెలలకొకసారి ఆదివారం పొద్దున్నే, ఫ్యాన్ ఆపి, కప్పి ఉంచే ఆ హెడ్‌ఫోన్‌తోనే రొదలో అంకెల పరీక్ష చేసుకుంటున్నాను. టీవీ 17 దగ్గర ఉంటోంది, తెర కింద అక్షరాలు వేసుకొని చూస్తున్నాము.